చచ్చిన ఎలుగుబంటి చెప్పే లెక్క

స్వీడన్‌లో ఏటా ఆగస్టు 21న ఎలుగుబంట్ల వేట మొదలవుతుంది. లైసెన్సు ఉన్న వేటగాడు ఎలుగును కాల్చి పడగొడితే మాంసం, చర్మం అతనికే దక్కుతాయి. కాకపోతే ఇంటికి మోసుకెళ్లే ముందు ఒక పని ఉంది. ఆ ప్రాంత పాలనా బోర్డుకు వెంటనే కబురు చేయాలి. బోర్డు మనిషి వచ్చి కళేబరాన్ని చూస్తాడు. ఆడదా మగదా, ఎంత బరువు, ఎక్కడ పడింది అన్నవి రాసుకుంటాడు. ఒక చిన్న పన్ను, ఒక కండ ముక్క ఉప్సలలోని జాతీయ పశువైద్య సంస్థకు వెళ్తాయి. ఇదేమీ వేటగాడి దయ మీద ఆధారపడిన వ్యవహారం కాదు, 1980ల నుంచీ అమల్లో ఉన్న నిబంధన.

ఆ పన్నూ, ఆ ముక్కా దేనికి? పన్ను వయసు చెబుతుంది. చెట్టు మానులో వలయాల్లాగే పంటి వేరు చుట్టూ ఏడాదికో గీత ఏర్పడుతుంది. పలుచగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కపెడితే సరిపోతుంది. కండ ముక్క చెప్పేది అంతకంటే పెద్ద సంగతి, చచ్చింది ఏ ఎలుగు అన్నది. అడవిలో బతికున్న వాటి గురించి ముందే కొంత తెలిసి ఉంటేనే ఆ జవాబుకు అర్థం ఉంటుంది. వేట నమూనాల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే. చచ్చిన జంతువుల డీఎన్‌ఏ ఎంత పోగేసినా, బతికున్న వాటి డీఎన్‌ఏతో పోల్చి చూసే వీలు లేకపోతే అది సీసాల గుట్టగానే మిగిలిపోతుంది.

స్వీడన్‌లో ఆ పోలిక ఎలా కుదిరిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు ఎలుగును చంపినవాడికి అక్కడి ప్రభుత్వమే డబ్బులిచ్చేది. ఆ బహుమతి 1893లో ఆగిపోయింది. అప్పటికే చాలామటుకు ఊడ్చిపెట్టుకుపోయాయి. 1930 నాటికి దేశం మొత్తం మీద మిగిలినవి 130 దాకా ఉంటాయని అంచనా. రక్షణ చట్టాలతో నెమ్మదిగా కోలుకున్నాక 1943లో మళ్లీ వేటకు అనుమతిచ్చారు. అక్కడి నుంచి ప్రతి ఏడూ ఒకటే తగువు. ఎన్ని ఉన్నాయి, ఎన్నింటిని చంపొచ్చు? గొర్రెలు, రెయిన్‌డీర్లు మేపుకునేవాళ్లు చాలా ఉన్నాయంటారు, పర్యావరణవాదులు తక్కువంటారు, వేటగాళ్లు అధికారులవి కాకిలెక్కలంటారు.

ఈ తగువును కొంత చల్లార్చింది ఎలుగుబంటి పెంట. పేగుల్లోంచి వచ్చేటప్పుడు దాని పైపొరకు పేగు కణాలు అంటుకుంటాయి. వాటి నుంచి డీఎన్‌ఏ తీయొచ్చు. 2001, 2002 శరత్కాలాల్లో దాలార్నా, గావ్లేబోరి ప్రాంతాల్లో మొదటిసారి పెద్ద ఎత్తున ఈ పని చేశారు. ఆ తర్వాత ఎలుగులున్న మిగతా ప్రాంతాల్లోనూ వంతులవారీగా చేస్తూ వచ్చారు. దుప్పుల వేటకు అడవిలో తిరిగే వేటగాళ్లే పెంట కనబడిన చోట ఆగి, పుల్లతో వక్క పరిమాణంలో కొంచెం తీసి సీసాలో వేసి, చోటు, తేదీ రాసి పంపారు. ఒకే ఎలుగు పెంట రెండు మూడు చోట్ల దొరికితే అది ‘మళ్లీ కనబడింది’ అన్నట్టు. ఎన్ని కొత్తవి, ఎన్ని మళ్లీ కనబడ్డవి అన్న నిష్పత్తి మీదే మొత్తం అంచనా నిలబడుతుంది. అలా 2008 నాటికి తేలిన సంఖ్య సుమారు 3,300.

వేటగాళ్లనే ఈ పనిలో దించడం ఖర్చు తగ్గించుకునే ఎత్తుగడ మాత్రమే కాదు. తన చేత్తో తీసి పంపిన సీసా లెక్కలో ఉన్నప్పుడు ‘ఆఫీసులో కూర్చుని రాసిన అంకె’ అనడం ఎవరికైనా కష్టం.

మరి బతికున్న వాటి పెంటతోనే లెక్క తేలుతుంటే చచ్చిన వాటి ముక్కలు ఎందుకు? పెంట చెప్పలేనివి కొన్ని ఉన్నాయి గనక. ఒక ఎలుగు పెంట మొదటి సర్వేలో దొరికింది, ఐదేళ్ల తర్వాత సర్వేలో దొరకలేదనుకుందాం. చచ్చిపోయిందా, పక్క ప్రాంతానికి పోయిందా, ఉన్నా ఎవరి కంటా పడలేదా? పెంట దగ్గర జవాబు లేదు. అదే డీఎన్‌ఏ ఎనభై కిలోమీటర్ల అవతల వేటలో పడిన మగ ఎలుగు కండలో కనబడితే ఆ ఒక్క సరిపోలికతో మూడు సంగతులు తెలుస్తాయి. అది ఎంతకాలం బతికింది, ఎంత దూరం వెళ్లింది, దేనివల్ల చచ్చింది. ఇలాంటివి వందల్లో పోగైతే బతికే అవకాశం ఎంతో, అందులో వేట వాటా ఎంతో అంకెల్లో చెప్పొచ్చు.

నాణ్యత సంగతి కూడా ఉంది. పెంటలో డీఎన్‌ఏ ఎండకూ వానకూ చెడిపోయి తునకలుగా ఉంటుంది. ఒకే జన్యువుకు తల్లి నుంచి వచ్చిన నకలు, తండ్రి నుంచి వచ్చిన నకలు రెండూ కనబడాల్సిన చోట ఒకటే కనబడుతుంది. ఒకే ఎలుగు రెండు వేర్వేరు ఎలుగులుగా లెక్కకెక్కే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. అందుకే పెంట నమూనాకు పరీక్ష ఒకటికి రెండుమూడుసార్లు చేస్తారు. తాజా కండలో ఆ బెడద దాదాపు లేదు. డీఎన్‌ఏ పొడవుగా, పుష్కలంగా వస్తుంది కాబట్టి తల్లిదండ్రుల సంబంధాలు, జన్యు వైవిధ్యం లాంటి లోతైన ప్రశ్నలకు అదే ఆధారం.

అయితే కండ ముక్కైనా సరిగా తీస్తేనే. పని చూడటానికి చాలా చిన్నది. శుభ్రమైన కత్తితో, బయటి మురికి అంటని లోపలి కండలోంచి చిటికెన వేలి గోరంత ముక్క కోసి ఆల్కహాల్ ఉన్న సీసాలో వేయాలి. ముక్క పెద్దదైతే మంచిదనుకుని ఉసిరికాయంత కోసి సీసాలో కుక్కితే ఆల్కహాల్ మధ్యదాకా దిగక లోపల కుళ్లుతుంది. ఆసుపత్రుల్లో అవయవాలు దాచే ఫార్మలిన్ ఇక్కడ పనికిరాదు, అది డీఎన్‌ఏను పాడుచేస్తుంది. ఒకే కత్తితో వరసగా రెండు జంతువులను కోసేటప్పుడు మధ్యలో తుడిచి కడగకపోతే రెండో సీసాలో మొదటి జంతువు కూడా చేరుతుంది. అన్నిటికంటే ఎక్కువ నమూనాలను పాడుచేసేది మాత్రం బాల్‌పెన్ను. సీసాలోంచి ఒక్క చుక్క ఆల్కహాల్ కారినా చీటీ మీద సిరా కరిగి, రాసింది మొత్తం నీలం మరకగా మారుతుంది. పెన్సిల్ రాత చెరగదు. అందుకే ఈ పని తెలిసినవాళ్లు పెన్సిల్‌తో రాసిన కాగితం ముక్క సీసా లోపలే వేస్తారు, సీసా మీద మరోసారి రాస్తారు. ల్యాబ్‌లో లక్షల ఖరీదు చేసే యంత్రం ఉన్నా, ఆ చీటీ పోతే ఆ ముక్క ‘ఎక్కడిదో, ఎప్పటిదో ఒక ఎలుగు’ అయిపోతుంది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. వేటలో పడిన జంతువులు అడవికి అద్దం పట్టవు. వేటగాడు కళ్లు మూసుకుని చీట్లు తీసినట్టు చంపడు. దారి దగ్గరుంటే ఒకటి, కుక్కలకు దొరికితే ఒకటి, చట్టం ఒప్పుకుంటే ఒకటి. స్వీడన్‌లో పిల్లలు వెంట ఉన్న తల్లి ఎలుగును చంపకూడదు, ఆ పిల్లలనూ చంపకూడదు. కాబట్టి వేట నమూనాల్లో పిల్లతల్లులు ఉండరు, తల్లి చాటు పిల్లలూ ఉండవు. ఆ పళ్ల వయసుల జాబితా చూసి ‘అడవిలో పిల్లలు తగ్గిపోయాయి’ అని ఎవరైనా తేల్చేస్తే అది చట్టం గీసిన బొమ్మను అడవి బొమ్మ అనుకోవడమే.

అంతటితో ఆగలేదు. ఎంపిక చేసి చంపడం అడవిలో మిగిలిన వాటిని కూడా మార్చింది. స్వీడన్‌లో దశాబ్దాలుగా సాగుతున్న ఎలుగుబంట్ల అధ్యయనంలో తేలిన సంగతి ఇది. మామూలుగా తల్లి పిల్లలను ఏడాదిన్నర దాకా వెంట ఉంచుకుని వదిలేస్తుంది. కొన్ని తల్లులు మరో ఏడాది, అంటే రెండున్నరేళ్ల దాకా ఉంచుకుంటాయి. 2005లో అలా ఎక్కువకాలం ఉంచుకున్న తల్లులు 7 శాతం. 2015కు వచ్చేసరికి 36 శాతం. పిల్లలతో ఉన్నంతకాలం తుపాకీ తగలదు కనుక ఆలస్యంగా వదిలేసే తల్లులే ఎక్కువగా బతికి బట్టకట్టాయి. దయతో పెట్టిన నియమమే ఎలుగుల జీవన విధానం మీద ఒత్తిడి తెచ్చిందన్నమాట. మెడకు కాలర్ కట్టి, ఒక్కో ఎలుగు జీవితాన్ని ఏళ్ల తరబడి వెంటాడి చూస్తే గాని ఇది బయటపడలేదు. వేటగాళ్లు పంపిన సీసాల్లో ఈ కథ ఉండదు, ఉన్నా సగమే.

కాబట్టి ఇప్పుడు నడుస్తున్న పద్ధతి అన్నిటినీ కలిపి చదవడం. స్వీడన్, నార్వే ఒకే డేటాబేస్‌లో పెంట, వెంట్రుకలు, వేటలో పడినవి, రోడ్డు ప్రమాదంలో చచ్చినవి అన్నీ నమోదు చేస్తాయి. ఎలుగు, తోడేలు, వుల్వరీన్ (చలి అడవుల్లో తిరిగే ఒక మాంసాహారి జంతువు) మూడింటికీ కలిపి 35 వేలకు పైగా జన్యు నమూనాలతో రెండు దేశాల పరిశోధకులు చేసిన విశ్లేషణ 2020లో వచ్చింది. ఏ ప్రాంతంలో ఎన్ని ఉన్నాయి, ఎటు కదులుతున్నాయి అన్నది పటం మీద గీసి చూపించింది. జంతువుకు సరిహద్దు తెలియదు. నార్వే లెక్కలో ఒకసారి, స్వీడన్ లెక్కలో ఒకసారి పడే తోడేలును ఒక్కటిగా పట్టుకునేది డీఎన్‌ఏ ఒక్కటే.

ఇంత లెక్క ఉన్నా చంపడం ఆగిందా అంటే లేదు. 2023లో స్వీడన్ వేటగాళ్లు రికార్డు స్థాయిలో 722 ఎలుగులను చంపారు. అప్పటికి మొత్తం సంఖ్య 2,400 దాకా దిగింది. 2024లో 486 లైసెన్సులు ఇచ్చారు. జన్యు నమూనా ‘ఎన్ని ఉన్నాయి’ అని చెబుతుంది, ‘ఎన్ని ఉండాలి’ అని చెప్పదు. రెండో ప్రశ్న రాజకీయానిది. అయితే తగ్గుతున్న సంగతి ఎవరూ కాదనలేకపోవడం మాత్రం ఆ సీసాల చలవే.

ఎన్ని అన్న ప్రశ్నకు మించి ‘ఎవరు’ అన్నది ఎంత ముఖ్యమో తోడేళ్ల దగ్గర బాగా తెలుస్తుంది. స్వీడన్‌లో తోడేళ్లు ఒకసారి పూర్తిగా అంతరించాయి. 1983లో దక్షిణాదిన ఒక జంట పిల్లలు పెట్టింది. 1991లో మరో మగ తోడేలు వచ్చి చేరింది. కొత్త శతాబ్దం మొదలయ్యేదాకా అక్కడి తోడేళ్లన్నీ ఈ మూడింటి సంతానమే. చచ్చిన తోడేళ్ల కండ, పట్టుకుని వదిలిన వాటి రక్తం కలిపి శాస్త్రవేత్తలు వంశవృక్షం మొత్తం గీశారు. తోబుట్టువుల మధ్య సంపర్కంతో పుట్టిన పిల్లల్లో ఉండేంత రక్తసంబంధం ఆ మందలో సగటుగా ఉందని తేలింది. అలాంటి చోట ఫిన్లాండ్ వైపు నుంచి నడిచొచ్చే ఒక్క కొత్త తోడేలు విలువ మామూలు తోడేళ్లతో సమానం కాదు. 2010లో లైసెన్సు వేట మళ్లీ మొదలైనప్పుడు కోటా 27. ఇరవై ఏడు తోడేళ్లు అన్న అంకె ఒకటే, ఆ ఇరవై ఏడులో కొత్త రక్తం ఉన్నదెన్ని అన్నది వేరు. కొత్త రక్తం ఎక్కడుందో పెంట నుంచి ముందే తెలుసుకుని ఆ తోడేలు కుటుంబాన్ని వేట పరిధిలోంచి తప్పించడం, చంపాక కండతో సరిచూసుకోవడం రెండూ కావాలి.

నార్వేది మరో దారి. అక్కడ మింకీ తిమింగలాల వేట ఇప్పటికీ సాగుతోంది. 1990ల రెండో సగం నుంచి పట్టుకున్న ప్రతి తిమింగలం కండ నమూనా డీఎన్‌ఏ రిజిస్టరులో చేరుతుంది. మొదటి ఉద్దేశం పోలీసు పని. బజారులో దొరికే తిమింగలం మాంసం రిజిస్టరులో ఉన్న జంతువుదేనా, దొంగ వేటదా అని పట్టుకోవడం. కానీ ఒకసారి రిజిస్టరంటూ పెట్టాక ఎవరూ అడగని జవాబులు కూడా వచ్చాయి. దక్షిణ ధ్రువం వైపు సముద్రాల్లో ఉండే అంటార్కిటిక్ మింకీ ఒకటి 1996లో ఉత్తరాన పట్టుబడిందని, 2007లో చిక్కిన మరోటి రెండు జాతుల సంకరమని డీఎన్‌ఏ చూపించింది. పడవ మీద ఉన్నవాళ్లకు అవి మామూలు తిమింగలాలే.

ఈ రిజిస్టరు నుంచే ఇంకో గొప్ప ఆలోచన పుట్టింది. తల్లీపిల్లా రెండూ వేటలో పడితే ఆ బంధుత్వాన్ని లెక్కకు వాడుకోలేమా? ఆ ఆలోచనను ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ సదరన్ బ్లూఫిన్ ట్యూనా చేపల మీద పూర్తి స్థాయిలో ప్రయోగించింది. ఈ చేపలు ఇండోనేషియాకు దక్షిణాన, హిందూ మహాసముద్రంలో గుడ్లు పెడతాయి. అక్కడ చిక్కిన పెద్ద చేపలు బాలిలో రేవుకు వస్తాయి. పిల్ల చేపలు ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో చిక్కుతాయి. రెండు చోట్లా చచ్చిన చేపలే, బతికి వదిలేది ఏదీ లేదు. లెక్క మాత్రం ఎంత సులువో చూడండి. ప్రతి పిల్లకూ ఒక తల్లి, ఒక తండ్రి. వెయ్యి పెద్ద చేపలు, వెయ్యి పిల్ల చేపల డీఎన్‌ఏ పోల్చితే పది లక్షల జతలవుతాయి. అందులో పది తల్లిదండ్రుల జతలు దొరికితే, సముద్రంలో పెద్ద చేపలు రెండు లక్షలు ఉంటాయని అంచనా. జతలు తక్కువ దొరికితే చేపలు ఎక్కువ, ఎక్కువ దొరికితే చేపలు తక్కువ. అసలు అధ్యయనంలో 13 వేలకు పైగా చేపలను పరీక్షిస్తే 45 జతలు దొరికాయి. గుడ్లు పెట్టే వయసు చేపలు సుమారు 20 లక్షలు అని 2016లో ప్రచురించారు. పడవల వాళ్లు చెప్పే పట్టుబడి లెక్కల మీద ఆధారపడకుండా వచ్చిన సంఖ్య అది. పట్టుబడి తక్కువ చేసి చెప్పే అలవాటున్న రంగంలో ఇది చిన్న సంగతి కాదు.

ఇవన్నీ బలవంతపు వ్యవస్థలు, లేదా వ్యాపార రేవుల్లో నడిచేవి. అమెరికాలో స్వచ్ఛందంగా నడిచేదొకటి ఉంది. అక్కడ వందేళ్లకు పైగా వేట సరదా కోసం ఫారాల్లో పెంచిన మల్లార్డ్ బాతులను అడవిలోకి వదిలారు. అవి అడవి బాతులతో కలిసిపోయాయి, కంటికి తేడా తెలియదు. డక్స్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ, ఎల్ పాసోలోని టెక్సస్ విశ్వవిద్యాలయం కలిసి 2023 నుంచి వేటగాళ్లకు సీసాల కిట్లు పంపుతున్నాయి. కొట్టిన బాతు నాలుక కొస కత్తిరించి పంపితే, అందులో ఫారం రక్తం ఎంతో చెబుతూ ఒక సర్టిఫికెట్ వస్తుంది. జనం ఉత్సాహంగానే చేరారు. విశ్లేషకుడు మాత్రం ఇక్కడ కొంచెం ఆగాలి. ఏ బాతునైనా పంపొచ్చంటే, కాస్త వింతగా కనబడిన బాతునే పంపాలనిపించడం మనిషి సహజం. ‘సంకర బాతులు ఉన్నాయా’ అన్న ప్రశ్నకు ఇలాంటి నమూనాలు బాగా పనికొస్తాయి. ‘వందకు ఎన్ని’ అన్న ప్రశ్నకు అంత భరోసా ఇవ్వలేవు.

నమూనాల పేరు చెప్పి వేటనే సమర్థించే వాదన కూడా ఒకటి వినిపిస్తుంటుంది. దానికి దెబ్బ తగిలింది అంతర్జాతీయ న్యాయస్థానంలో. జపాన్ అంటార్కిటికా సముద్రంలో ‘పరిశోధన’ పేరుతో నడిపిన కార్యక్రమంలో 2005 నుంచి సుమారు 3,600 మింకీ తిమింగలాలను చంపింది. ఇచ్చిన అనుమతులు శాస్త్ర పరిశోధన కిందికి రావని 2014 మార్చి 31న న్యాయస్థానం తీర్పు చెప్పింది. చంపిన సంఖ్యకూ, వచ్చిన పరిశోధన ఫలితాలకూ పొంతన లేదన్నది అందులో ఒక కారణం. ఎలాగూ చచ్చిన జంతువు నుంచి సమాచారం పోనివ్వకుండా తీసుకోవడం వేరు, సమాచారం కోసమని చంపడం వేరు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటే నిషేధం. కాబట్టి వేటగాడి సీసా అన్న మాటే ఇక్కడ వర్తించదు. డీఎన్‌ఏ మాత్రం వాడుకలో ఉంది, ముఖ్యంగా హైదరాబాద్‌లో. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీకి చెందిన, అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ కోసం పెట్టిన లాకోన్స్ ల్యాబ్ అత్తాపూర్‌లో ఉంది. దొంగ వేటలో దొరికిన ఎండు మాంసం, చర్మం, ఎముక ఏ జంతువుదో తేల్చే పరీక్షలకు దేశంలో పలుచోట్ల నుంచి నమూనాలు అక్కడికి వస్తుంటాయి. ఏ జంతువుదైనా తేల్చగల పరీక్షను సీసీఎంబీ శాస్త్రవేత్తలే 2000ల మొదట్లో తయారుచేశారు. కానీ అక్కడికి వచ్చే ప్రశ్న ఎక్కువగా ‘ఇది జింకా, మేకా’ అన్నది. కోర్టుకు అది చాలు. అడవి నిర్వహణకు కావాల్సిన ప్రశ్న ‘ఇది ఏ మందది, ఎక్కడ పుట్టింది’ అన్నది.

ఆ ప్రశ్న తెలంగాణలో అడవిపందుల దగ్గర నేరుగా ఎదురవుతుంది. పంట పాడుచేసే పందులను అనుమతి ఉన్న షూటర్లతో చంపించే ఏర్పాటు ఇక్కడ ఉంది. అంటే నిషేధం మధ్యలోనే చట్టం ఒప్పుకున్న చావులు కొన్ని ఉన్నాయి. ఒక పంది చచ్చాక ఇక దాని వల్ల తెలిసేది ఏమీ లేదన్నట్టు కళేబరాన్ని వదిలించుకుంటే పోయేది చిన్నదేం కాదు. 2023 మొదట్లో తమిళనాడులోని ముదుమలై అడవిలో అడవిపందులు పందులకు సోకే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌తో చచ్చినప్పుడు, కారణం తేలింది కళేబరాల నమూనాలు ల్యాబ్‌కు చేరబట్టే. వ్యాధి లేనప్పుడు కూడా చెవి కొసంత ముక్క తీసి, చోటు, తేదీ పెన్సిల్‌తో రాసి ఆల్కహాల్‌లో వేస్తే ఒక మండలంలో మొక్కజొన్న తింటున్న పందులు పక్క రిజర్వు ఫారెస్టు నుంచి రాత్రిళ్లు వస్తున్నాయా, లేక ఊరి చెరువు గట్టు మీది తుమ్మ పొదల్లోనే పిల్లలు పెట్టి స్థిరపడ్డాయా అన్నది కొన్నేళ్లలో తేలుతుంది. మొదటిదైతే చేలో ఎన్ని చంపినా అడవిలోంచి కొత్తవి వస్తూనే ఉంటాయి, డబ్బు కంచెకు పెట్టాలి. రెండోదైతే కంచె కంటే పొదల దగ్గరే పని ఉంటుంది. అయితే ఇందుకు చేలో చచ్చిన వాటి ముక్కలు ఒక్కటే చాలవు. ఆ పక్క అడవిలో తిరిగే పందుల పెంట కూడా సీసాల్లోకి ఎక్కాలి, అదీ ఒక్క మండలంతో సరిపెట్టకుండా.